అటక మీద సెవెన్

అశోక్ ముందుపళ్ళు రెండూ పూతరేకుల డబ్బాలో పడ్డాయి.

డబ్బా తెచ్చింది అతనే. మూత తీసి, "బావగారండీ, నోరు తీపి చేసుకోండి, ఎయిట్ ఎస్ స్పీకర్లు తెచ్చుకున్నానండి" అని చెప్పిందీ అతనే. బావగారు చంద్రరావు పూతరేకు తీసుకోలేదు. పక్కన బల్ల మీదున్న కురిడీ కాయ తీసుకున్నాడు. అటక మీద తొమ్మిది నెలలు ఎండి, నీళ్ళు ఇంకిపోయి, లోపలి కొబ్బరి చిప్పను వదిలేసి గటగటలాడే కాయ అది. రాతికీ దానికీ తేడా ఏమిటంటే, రాతికి అంబాజీపేట మార్కెట్లో రేటు పలకదు.

హారతి వంటింట్లోంచి వచ్చేసరికి తమ్ముడి రక్తం చొక్కా రెండో గుండీ దాకా దిగింది. ముందు అతని నోట్లో దూది కుక్కింది. తర్వాత డబ్బాలో పళ్ళు వెతికింది. పూతరేకులూ తెల్లవే, పళ్ళూ తెల్లవే. కాస్త టైము పట్టింది.

"ఏమండీ, స్వీటు తెచ్చినవాణ్ణి కొడతారా ఎవరైనా?"

"స్వీటివ్వడానికి రాలేదే వాడు. నన్ను చంపడానికొచ్చాడు. నా ఎయిట్‌కి ఇంకా ఏడాది నిండలేదు!"

"కొత్తది నేను చేశానేంటండీ? కంపెనీవోళ్ళు చేశారు" అన్నాడు అశోక్ దూది మధ్యనుంచి.

"వాళ్ళు దూరంగా ఉన్నార్రా. నువ్వు దగ్గరగా ఉన్నావు."

హారతి మాత్రం రక్తం పడని పూతరేకులు నాలుగు వేరే పళ్ళెంలోకి తీసి తమ్ముడి ముందు పెట్టింది. అవి తినడానికి పళ్ళతో పనిలేదు.

హారతికి అమ్మా నాన్నా పోయి చాలా ఏళ్ళయింది. పుట్టిల్లంటే రావులపాలెంలో అశోక్ ఇల్లే. ఏడాదికి రెండుసార్లు అక్కడికి వెళ్ళి, మరదలు రాణి పెట్టింది తిని, నాలుగు రోజులపాటు పొయ్యి మొహం చూడకుండా మడత కుర్చీలో పడుకుని రావడం ఆవిడకున్న ఒకే ఒక్క విలాసం. పదకొండు నెలలుగా అదీ లేదు. "ఆ గుమ్మం తొక్కావంటే నన్ను చంపుకున్నట్టే" అని చంద్రరావు ఒట్టు పెట్టాడు. ఇప్పుడీ ఇద్దరి వరస చూస్తే, ఎవరో ఒకరు రెండోవాణ్ణి నిజంగానే చంపేలా ఉన్నారు. పోయినవాడు పోతాడు. చంపినవాణ్ణి ప్రభుత్వం చూసుకుంటుంది. మొగుడూ పుట్టిల్లూ ఒక్కపూటలో పోయి మిగిలేది తనొక్కతే. హారతిని పట్టుకున్న భయం అదొక్కటే.

దీనంతటికీ మొదలు ఆ సెవెన్.

చంద్రరావు కురిడీ వ్యాపారి. అశోక్ అరటి గెలల వ్యాపారి. ఇద్దరికీ పాటలంటే ప్రాణం. చిన్నప్పుడు ఒకే పెళ్ళిపందిట్లో మైకుసెట్టువాడి పక్కన చేరి, తాళి కట్టడం చూడకుండా సౌండు బాక్సులు చూసిన మనుషులు. రెండేళ్ళ కిందట చంద్రరావు ఎక్కడో మంచుదేశం కంపెనీవాళ్ళ స్పీకర్ల జత తెప్పించాడు. ఒక్కోటి హారతి భుజం దాకా వచ్చేది. వాటి పేరే సెవెన్. మృదంగం రికార్డు పెట్టి, "విన్నావా, వాయించేవాడి ఉంగరం చర్మానికి తగిలింది" అని వచ్చినవాళ్ళందరికీ ఆ ఉంగరం వినిపించాడు. పాలవాడికీ వినిపించాడు. అశోక్ కళ్ళనీళ్ళు పెట్టుకుని విన్నాడు. "బావగారూ, మీరు మహానుభావులండి" అన్నాడు. హారతి చూసినంతలో ఆ ఇంట్లో చివరి మంచిరోజు అది.

ఐదు నెలలకి కంపెనీ సెవెన్ ఎస్ దింపింది. అశోక్ కొన్నాడు. కొత్త వస్తువు కొంటే అయినవాళ్ళకి తీపి పంచాలి కదా, పూతరేకుల డబ్బాతో వచ్చాడు. అతని కనుబొమకి మూడు కుట్లు పడ్డాయి. అప్పటి ఆయుధం కంచు గ్లాసు.

మళ్ళీ ఏడు నెలలకి ఎయిట్. అది చంద్రరావు కొన్నాడు. డబ్బా పట్టుకుని ఆయనే రావులపాలెం వెళ్ళాడు. అశోక్ పాతిక కిలోల కర్పూర గెల రెండు చేతులా ఎత్తి బావగారి భుజం మీద వేశాడు. ఎముక విరిగింది. ఆ కట్టుతోనే చంద్రరావు ఒట్టు పెట్టింది. ఇప్పుడు ఎయిట్ ఎస్, రెండు పళ్ళు. మోడళ్ళ పేర్లు హారతికి గాయాలతోనే గుర్తు.

డబ్బా పట్టుకు వెళ్ళడం మానేస్తే ఏ గొడవా లేదని ఇద్దరికీ విడివిడిగా చెప్పి చూసింది. "బావకి చెప్పకపోతే కొన్నట్టే ఉండదక్కా" అన్నాడు అశోక్. చంద్రరావైతే ఆ మాటే అర్థం కానట్టు చూశాడు.

హారతి చేతిలో ఉన్న మందు ఒక్కటే. సెవెన్ కొన్నప్పుడు వారంటీ కాగితంలో చంద్రరావు ఆవిడ మెయిలే రాయించాడు. తన మెయిల్ పాస్‌వర్డు ఆయన మర్చిపోయి అప్పటికే రెండేళ్ళయింది. దాంతో కంపెనీ ఏ కొత్త మోడల్ దింపినా, "ప్రియమైన చంద్రరావు" అంటూ ఉత్తరం హారతి ఫోనుకే వచ్చేది. ఆవిడ చదువుకుని నాలుగు రోజులు దాచేది. ఆ నాలుగు రోజులూ ఇంట్లో గ్లాసులు పగిలేవి కావు. ఐదోరోజు, ఎవరో ఒకరు ఎలాగూ చెప్తారు కనక, తనే చూపించేది.

చూపించిన గంటలో రోగం మొదలు. నిన్నటిదాకా ఉంగరం విని మురిసినవాడు, "అదేంటే, మృదంగం చెక్కపెట్టె కొట్టినట్టుంది?" అనేవాడు. స్పీకర్లు అవే. గది అదే. చెవులూ అవే. మారిందల్లా ఒక అంకె. రెండోరోజుకి పాడేవాడి గొంతులో జలుబు వినబడేది. మూడోరోజుకి అన్నం సహించేది కాదు. రిమోటు గోడకేసి కొట్టేవాడు. డీలరు ఫోన్ చేసి, "పాతవి సగానికి తీసుకుంటామండి" అంటే ఫోను కూడా కొట్టేవాడు. ఆ గోడకి రంగు వేయించడం హారతి మానేసింది.

ఎయిట్ వచ్చినప్పుడు, సగానికి ఇవ్వనని పంతం పట్టి, చంద్రరావు సెవెన్ జతని అటకెక్కించాడు. మామూలు అటక కాదు. షెడ్డులో వెదురు బద్దలతో కట్టిన కురిడీ అటక, కింద నుంచి చూస్తే కాయల ఆకాశంలా ఉండేది. ఆయన పుట్టి పెరిగిన వ్యాపారంలో ఒక్కటే సూత్రం. దింపిన కాయని అమ్మెయ్యకుండా ఆపితే ఎండుతుంది, ఎండితే రేటొస్తుంది. ఆపగలిగినవాడే మగాడు.

"స్పీకర్లు కాయలు కాదండీ" అంది హారతి.

"ఏ సరుకైనా సరుకే. ఆపితే విలువ పెరుగుద్ది. ఫారినోళ్ళు దీన్నే వింటేజ్ అంటారు."

పాత కాయల మధ్య రెంటినీ పడుకోబెట్టాడు. వానాకాలంలో చెమ్మ తగలకుండా కింద కొబ్బరి డొక్కలు రాజేసి, కాయలకి పెట్టినట్టే వాటికీ పొగ పెట్టించాడు. వేసవిలో పైకప్పు రేకుల వేడి ఊరికే వచ్చింది.

పళ్ళు పోయిన మూడో నెలలో, జూన్ చివర, ఒక వార్త వచ్చింది. స్పీకర్ల మంచిచెడ్డలు రాసే పేరున్న విదేశీ పెద్దమనిషి ఒకాయన, ఆ కంపెనీ చేసినవాటిలో అసలైనది సెవెన్ ఒక్కటేననీ, తర్వాత వచ్చినవన్నీ అంకెలేననీ రాశాడు. సెవెన్ ఎక్కడున్నా కొంటామని నాలుగు దేశాలవాళ్ళు ఎగబడ్డారట. ఈసారి హారతి దాచడానికి లేకపోయింది. బావా బామ్మర్దులిద్దరూ ఈమధ్యే చేరిన స్పీకర్ల వాట్సాప్ గ్రూపులో అందరికంటే ముందు చదివింది చంద్రరావే.

పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "చెప్పానా? ఆపితే రేటొస్తుందని చెప్పానా లేదా?" అని హారతిని ఏడుసార్లు అడిగాడు.

పదింటికి అశోక్ వచ్చాడు. చేతిలో డబ్బా లేదు. రెండు చక్రకేళీ అరటిపళ్ళ అత్తాలున్నాయి. పళ్ళు ఇంకా కట్టించుకోలేదు, ఆ డబ్బుతో ఎయిట్ ఎస్‌కి స్టాండ్లు కొన్నాడు.

"బావగారండీ, జరిగిందేదో జరిగిపోయిందండి. ఆ సెవెన్ నాకిప్పించండి. అక్క మీద ఒట్టు, ఎంతంటే అంత."

అక్క వంటింటి కిటికీలోంచి అది విని, కత్తిపీట తీసి బియ్యం డబ్బా వెనక పెట్టింది. అలవాటు.

"నీకా? నీకిస్తే దానికి మర్యాదేముంటదిరా" అన్నాడు చంద్రరావు. "కానీ చూద్దువుగాని. ముట్టుకోకుండా చూడు. ఏమ్మా చిన్నమ్మాయీ, నిచ్చెన వెయ్యి."

చిన్నమ్మాయి పేరుకే చిన్నమ్మాయి, యాభై దాటిన మనిషి. ముప్పై ఏళ్ళుగా ఆ షెడ్డులో కురిడీలు ఏరుతోంది. కాయ చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి ఊపితే చాలు, ఎండిందో, సగంలో ఉందో, కుళ్ళిందో చెప్పేస్తుంది. ఆవిడ మాట మీద చంద్రరావు లారీలకి లారీలు పంపించాడు. నిచ్చెన వేసి, ముందు తనే ఎక్కింది. వెనక బావా బామ్మర్దులు ఎక్కారు. హారతి చెయ్యి కడుక్కుని షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. గుమ్మానికి ఆనుకునే, వాకిట్లో కాయలు ఒలిచే గునపాలు మూడు, మొనలు పైకి పెట్టి, నేలలో పాతి ఉన్నాయి.

అటక మీద చంద్రరావు గోనెపట్టా లాగాడు. వాల్‌నట్ చెక్క గోధుమరంగులో ఉండాల్సినవి పొగకి వంకాయ రంగు తిరిగాయి. ఆయన అది గమనించే స్థితిలో లేడు. "చిన్నమ్మాయీ, నువ్వు చెవి పెట్టి చెప్పు. వీడు వినాలి."

చిన్నమ్మాయి పెట్టెని వేళ్ళ కణుపులతో రెండుసార్లు కొట్టింది. చెవి ఆనించి, ఇద్దరి సాయంతో కాస్త ఊపింది. లోపల ఏదో గటగటా దొర్లింది.

ముప్పై ఏళ్ళ అలవాటు మనిషిని వదలదు. చిన్నమ్మాయి మొహం విప్పారింది. "అయిపోయిందండి! చిప్ప వదిలేసిందండి!"

చంద్రరావూ అంతే. ఒక్క క్షణం ఆయన మొహంలో మంచి సరుకు చూసిన వ్యాపారి నవ్వు వెలిగింది. ఆ తర్వాత, ఊగితే గటగటలాడాల్సింది కాయేగానీ స్పీకరు కాదని గుర్తొచ్చింది.

పెట్టె ముందువైపు గుడ్డ పీకి చూశారు. ట్వీటరు, అంటే సన్నని శబ్దాలు పలికే చిన్న బిళ్ళ, ఊడి లోపల పడిపోయింది. పెద్ద కోను చుట్టూ ఉండే రబ్బరు అప్పడంలా విరిగింది. రెండో పెట్టెలో ఎలుక పిల్లల్ని పెట్టింది, పీచుతో పరుపు కూడా వేసింది.

అశోక్ నవ్వాడు. నవ్వకూడదనే అనుకున్నాడు, ముందుపళ్ళు లేకపోవడంతో నవ్వు ఈల వేసుకుంటూ బయటికొచ్చేసింది. "బావగారూ... మీరు... స్పీకర్లకి పొగ పెట్టారేంటండీ!"

చంద్రరావు అతని చొక్కా పట్టుకుని అటక మీంచి తోసేశాడు.

పది అడుగుల ఎత్తు. అశోక్ గుమ్మం పక్కనున్న డొక్కల గుట్ట మీద వెల్లకిలా పడ్డాడు. రెండు గజాలు పక్కకి పడి ఉంటే గునపం మీద పడేవాడు. ఊపిరి తిరగడానికి కొంచెంసేపు పట్టింది. తిరగగానే చేతికందిన కురిడీ తీసి పైకి విసిరాడు. అది నిచ్చెన దిగుతున్న చంద్రరావు ముక్కు మీద తగిలి పటుక్కుమంది. రెండోది పక్కటెముకల్లో. మూడోది చిన్నమ్మాయికి తగలబోతే, ఆవిడ అలవాటుగా పట్టుకుని, ఊపి, పక్కన పెట్టింది.

చంద్రరావు చివరి నాలుగు మెట్లూ దూకేశాడు. వాకిట్లోకి పరిగెత్తబోయిన బామ్మర్దిని పట్టుకున్నాడు. మోకాలితో పొట్టలో పొడిచాడు. అశోక్ వంగాడు. వంగినవాడి మెడ రెండు చేతులా పట్టుకుని, కాయని ఒలవడానికి ఎలా తెస్తారో అలా, గునపం మొన మీదికి తెచ్చాడు. చెయ్యి తిరిగిన పని. మొన అశోక్ గొంతుకి జానెడు దూరంలో ఉంది.

"బావగారూ, మెడ వదలండి! మర్యాదగా చెప్తన్నాను!"

"మర్యాదగానే వంచుతున్నాన్రా!"

"ఏమండీ!" అని అరుస్తూ హారతి వెళ్ళి మొగుడి మణికట్టు పట్టుకుంది. ఆయన చెయ్యి విదిలించాడు. వెళ్ళి గోడకి కొట్టుకుంది. మోచెయ్యి చీరుకుపోయింది. చిన్నమ్మాయి బిందెడు నీళ్ళు తెచ్చి ఇద్దరి మీదా కుమ్మరించింది. ఇద్దరూ తడిశారు, అంతకంటే ఏమీ జరగలేదు.

గొంతుకీ మొనకీ మధ్య బెత్తెడు మిగిలినప్పుడు అశోక్ మొహం పక్కకి తిప్పి, ఎదురుగా కనబడిన చంద్రరావు ఎడమ చెవి నోట్లో పెట్టుకుని కొరికాడు.

చంద్రరావు పెట్టిన కేక ఊళ్ళో అరటి తోటల దాకా వినబడిందని తర్వాత చెప్పుకున్నారు. అశోక్ నోట్లోంచి పావలా బిళ్ళంత ముక్క ఉమ్మేశాడు. చంద్రరావు చెవి పట్టుకున్నాడు. చెయ్యి తీసి చూసుకున్నాడు. అరచెయ్యి నిండా రక్తం. స్పీకర్లున్నవాడికి చెవి అంటే ఏమిటో తెలిసినవాడే కొరికాడు. ఆయన కళ్ళల్లో అప్పటిదాకా ఉన్నది కోపం. ఇప్పుడు అదీ పోయింది. గుంజకి దోపి ఉన్న కొబ్బరి కత్తి తీశాడు.

వంటింటి కత్తిపీట దాచినదానికి షెడ్డు కత్తి గుర్తు రానందుకు హారతి తన్ను తాను తిట్టుకుంది.

అశోక్ వెనక్కి పాకాడు. గోడ తగిలింది. చంద్రరావు కత్తి ఎత్తాడు. ఆ చేతిని ఇంక ఎవరూ పట్టుకోలేరని హారతికి అర్థమైంది. మోచేతినుంచి రక్తం కారుతుండగా నడుంలో దోపుకున్న ఫోను తీసింది. తెరమీద గ్యాసు బుకింగు మెసేజి ఉంది. దాన్నే కళ్ళ దగ్గర పెట్టుకుని, వార్తలు చదివే మనిషిలా, పైకి చదివింది.

"ఆగస్టు పదిహేడు. నైన్ వస్తోందట."

కత్తి గాల్లో ఆగింది.

"ఏంటీ?"

"నైన్. ఇప్పుడే వచ్చింది మెయిలు. ప్రియమైన చంద్రరావు అని ఉంది."

"ఎయిట్ ఎస్ వచ్చి మూణ్ణెల్లు కాలేదు కదే!"

"అదే నేనూ అనుకుంటున్నాను. మీరు పని కానివ్వండి, తర్వాత చదువుతాను."

అశోక్ గోడకి ఆనుకుని, కత్తి వైపు ఒక కన్నూ అక్క వైపు ఒక కన్నూ పెట్టాడు. నోటి చుట్టూ బావగారి రక్తం. "అక్కా, వాల్‌నట్ కలరుందా?"

"నాలుగు రంగులు. వాల్‌నట్ ఉంది."

"ట్వీటరు సిల్కేనా?" అని అడిగాడు చంద్రరావు.

"సిల్కు కాదట. సిల్కు మానేశారట."

"సిల్కు మానేశారా!" ఇద్దరూ ఒకేసారి అన్నారు. అశోక్ మొహం పాలిపోయింది. పళ్ళు పోయినప్పుడు కూడా అంత పాలిపోలేదు. అతను తెచ్చుకున్న ఎయిట్ ఎస్, సిల్కుతో సహా, ఆ ఒక్క మాటతో పాతదైపోయింది. చంద్రరావు అది చూశాడు. బామ్మర్ది మొహంలో కనబడుతున్న నొప్పి ఆయనకి బాగా తెలిసిన నొప్పి. కత్తి పట్టుకున్న చెయ్యి మెల్లిగా కిందికి దిగింది.

"అయితే నీదీ పోయిందన్నమాట" అన్నాడు.

"పోయిందండి బావగారూ. నాదీ పోయింది."

చంద్రరావు కత్తి కింద పడేసి, చెయ్యి లుంగీకి తుడుచుకుని, "ఏదీ, చూపించు" అంటూ వచ్చాడు.

హారతి ఫోను నడుంలో దోపేసుకుంది. "రక్తం చేతుల్తో నా ఫోను ముట్టుకోకండి. ముందు ఆసుపత్రికి పదండి."

అమలాపురంలో డాక్టర్ జయపాల్ గారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "ఏం జరిగిందమ్మా?"

"స్పీకర్లండి."

"మీద పడ్డాయా?"

"ఒక రకంగా అంతేనండి."

చెవి ముక్క ఏదని అడిగితే, చిన్నమ్మాయి కొంగు కిందనుంచి కొబ్బరి చిప్ప తీసింది. డొక్కల్లో వెతికి, కడిగి, తడిగుడ్డ కప్పి తెచ్చింది. డాక్టరు గారు రెండు గంటలు కుట్టారు. కుడుతూ అశోక్ నోరు తెరిపించి చూసి, "ఈ ముందుపళ్ళు రెండూ ఉండి ఉంటే చెవి మొత్తం ఊడొచ్చేదండి" అన్నారు.

"అందుకే ముందే రాలగొట్టాను" అన్నాడు చంద్రరావు కళ్ళు మూసుకుని.

పక్కపక్క మంచాల మీద పడుకోబెట్టారు. ఒకరికి ముక్కూ చెవీ, ఇంకొకరికి మూడు పక్కటెముకలూ. సాయంత్రం హారతి ఫ్లాస్కులో కాఫీ పట్టుకెళ్ళేసరికి, "వాల్‌నట్ నేను తీసుకుంటాన్రా, నల్లది నువ్వు తీసుకో" అని ఒకరూ, "అలాగేనండి, కానీ ఒకే రోజు బుక్ చేద్దామండి" అని ఒకరూ. హారతి గుమ్మంలోనే ఆగి విన్నది. అప్పుడర్థమైంది ఆవిడకి. రాబోయేది ఒకటి ఉన్నంతసేపూ ఇద్దరివీ పాతవే. ఇద్దరివీ పాతవైతే గొడవ లేదు. ప్రాణం తీసేది వచ్చిన మోడలు. రాబోయే మోడలు ఎవరినీ ఏమీ చెయ్యదు.

చెవి అతుక్కుంది, కొంచెం వంకరగా. "లెఫ్ట్ చానల్ కాస్త డల్లుగా ఉందే" అని చంద్రరావు రెండు వారాలు గొణిగాడు. సెవెన్ పెట్టెల్లో ఒకదాన్ని ఎలుకకే వదిలేశారు. రెండోది చిన్నమ్మాయి పట్టుకెళ్ళి కోళ్ళ గూడు చేసుకుంది. గుండ్రటి కన్నం కోడికి సరిగ్గా సరిపోయింది. వాకిట్లో గునపాలు హారతి దగ్గరుండి పీకించి, షెడ్డు వెనక గోడ పక్కన పాతించింది. కత్తులకి కూడా ఒక పెట్టె, దానికో తాళం. నైన్ మెయిలు చూపించమని మొగుడు అడిగితే, పొరపాటున చెరిపేశానంది.

"అమ్మగారూ, ఆ తొమ్మిదో నెంబరుది నిజంగా వస్తందాండి?" అని అడిగింది చిన్నమ్మాయి ఒకరోజు, కాయ ఊపుతూ.

"నువ్వు ఊపి చూసి చెప్పు."

చిన్నమ్మాయి ఆవిడ మొహం కాసేపు చూసింది. "గటగటలాడతందండి" అని, నవ్వకుండా తన పని చేసుకుంది.

ఆగస్టు మొదటి వారంలో చంద్రరావే అన్నాడు, "పోనీ నాలుగు రోజులు రావులపాలెం వెళ్ళిరాకూడదూ? వాడి పక్కటెముకలు ఎలా ఉన్నాయో చూసినట్టుంటది. నేనే దింపుతాను." పదిహేను నెలల తర్వాత విన్న మాట. హారతి రెండు చీరలు సంచిలో పెట్టుకుని, ఆయన మనసు మారకుండా పావుగంటలో కారెక్కింది. ఒళ్ళో పూతరేకుల డబ్బా. ఈసారి ఎవరూ ఏమీ కొనలేదు, ఉత్త తీపి.

కొత్తపేట దాటాక ఫోను మోగింది. మెయిలు.

ప్రియమైన చంద్రరావు, మా సరికొత్త నైన్ మీకోసం సిద్ధంగా ఉంది.

హారతి రెండుసార్లు చదివింది. తను చెప్పిన తేదీకి పన్నెండు రోజుల ముందే. రంగులు నాలుగు కాదు, ఐదు. సిల్కు మాత్రం నిజంగానే మానేశారు. అబద్ధం ఆడితే దాన్ని కూడా కుదురుగా ఉండనివ్వరు, వీళ్ళ దుంప తెగ, అనుకుంది. నాలుగు రోజులు దాచవచ్చు. కానీ ఆ నాలుగు రోజులూ తను మడత కుర్చీలో ఉండాలి. అవతల అశోక్ ఫోనులో గ్రూపుంది. మొగుడి ఫోనులోనూ ఉంది. సాయంత్రానికి ఎవరో ఒకరు ముందు బుక్ చేస్తారు. ముందు చేసినవాడు డబ్బా పట్టుకుంటాడు. రాణి ఇంట్లో అరటి గెలలు హాల్లోనే వేలాడుతుంటాయి.

"నైన్ వచ్చేసిందండి" అంది.

కారు కాలవ వైపు కోసుకుపోయింది. ఎదురుగా వచ్చే లారీ హారను గట్టిగా కొట్టింది. చంద్రరావు కుట్లు పడ్డ చెవి ఎర్రగా అయింది. "వాడికి తెలుసా? వాడు బుక్ చేశాడా?"

"ఏమో. కానీ కింద చిన్న అక్షరాల్లో ఇంకోటుంది."

"ఏంటది?"

హారతి డబ్బా మూత సరిచేసుకుంది. "ఇది కొన్నవాళ్ళు తొందరపడ్డట్టేనట. మార్చిలో నైన్ ఎస్ వస్తోందట."

 కారు మెల్లిగా కాలవ గట్టు వదిలి రోడ్డు మధ్యకి వచ్చింది.

"అయితే అశోక్‌కి కూడా చెప్పు" అన్నాడు చంద్రరావు. "పాపం, తెలీక కొనేస్తాడు."

"చెప్తానండి" అంది హారతి. రావులపాలెం ఇంకా ఆరు కిలోమీటర్లుంది.